సులోచనమ్మ మిలిట్రీ బండి

శంకరనారాయణ శెట్టి పోయి ఏడాది దాటినా ఆయన బండిని ఎవరూ కదిలించలేదు. బాగేపల్లి బజారులో వాళ్ళ మండీ వెనకాల, రేకుల పంచలో, ముందు చక్రాల గాలి దిగిపోయి, లేవలేక మోకాళ్ళ మీద కూలబడిన ఎద్దులాగా ఉండేది. ఊళ్ళో అందరూ దాన్ని మిలిట్రీ బండి అనేవాళ్ళు. యుద్ధం ముగిసాక బెంగళూరులో దండు సామాను వేలం వేస్తుంటే శంకరనారాయణ పోయి పాడుకొచ్చిన అమెరికా డాడ్జి అది. ముందు ఇద్దరు కూర్చునే చోటు, వెనక తెరిచిన తొట్టి. నాలుగు చక్రాలకూ ఇంజను లాగుడు ఉండేది. మామూలు లారీలు ఇరుసుల దాకా దిగబడిపోయే చిత్రావతి ఏటి ఇసుకలో ఇది నిదానంగా మూలుగుతూ దాటిపోయేది. ఏటి అవతలి పల్లెల్లో పండిన వేరుశనగ, చింతపండు, ఆముదాలు ఎడ్లబండ్ల కన్నా ముందు ఆయన మండీకి చేరేవంటే దాని చలవే.

ఆ బండిలో ఒక విచిత్రం ఉంది. అమెరికా వాళ్ళది కాబట్టి స్టీరింగు ఎడమ పక్కన ఉండేది. ముందు పోయే బస్సునో బండినో దాటాలంటే తోలేవాడికి ఎదురుగా ఏం వస్తోందో కనబడేది కాదు. కుడి పక్కన కూర్చున్నవాళ్ళు చూసి చెప్పాలి. సులోచనమ్మ పుట్టింటికి పోయేటప్పుడల్లా ఆ పక్కన కూర్చునేది. తల బయటికి పెట్టి "రావచ్చు" అనో, "ఉండు, ఉండు" అనో చెప్పేది. భర్త ఆమె మాట మీదే బండిని పక్కకు తిప్పేవాడు. ఒక్కసారి కూడా మళ్ళీ అడిగి చూసుకునేవాడు కాదు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆమె తన మాటకు అంత విలువ ఉందని గుర్తుపట్టింది ఆ సీటులోనే.

కామెర్లు వచ్చి, పసరు మందులూ ఆసుపత్రి మందులూ రెండూ అయ్యాక ఆయన పోయాడు. అప్పటికి సులోచనమ్మకు నలభై దాటి ఎంతో కాలేదు. మొదట్లో ఇంటి నిండా జనం. దినాలు అయ్యాక ఎవరి ఇళ్ళకు వాళ్ళు వెళ్ళిపోయారు. శుభకార్యాలకు పిలుపులు ఆగిపోయాయి. పొద్దున్నే ఎదురు పడితే అపశకునమని వీధిలో కొందరు ఆడవాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు. ఆ సంగతి తెలిసి వాళ్ళకు ఇబ్బంది లేకుండా ఈమే పొద్దెక్కే దాకా తలుపు తీసేది కాదు. మండీలో గుమాస్తా ఏదైనా అడగాలంటే గడప అవతల నిలబడి, గోడకు చెబుతున్నట్టు చెప్పేవాడు. ఆమె గొంతు తగ్గించి జవాబిచ్చేది. రాను రాను ఆ గొంతు ఎంత తగ్గిందంటే, పొరుగింటి అంజనమ్మ అప్పుడప్పుడు వచ్చి కూర్చున్నా "ఏమంటివి?" అని చెవి దగ్గరికి తేవలసి వచ్చేది.

మధ్యాహ్నాలు ఆమె పెరట్లోకి పోయి బండిలో కూర్చునేది. కుడి పక్క సీటులోనే. కొంచెంసేపు కూర్చుని, పని గుర్తొచ్చినట్టు లేచి వచ్చేసేది.

మరిది పద్మనాభ చిక్కబళ్ళాపురంలో బట్టలకొట్టు నడుపుతాడు. సోమవారం సంత నాడు వచ్చి మండీ సంగతులు చూసుకుని పోతుంటాడు. చెడ్డవాడు కాదు. వదినకు తన ఇంట్లో ఒక గది ఇస్తానని మొదటి రోజే చెప్పినవాడు. ఒక సోమవారం బండిని చూస్తూ అన్నాడు.

"వదినా, ఇనుపసామాను సాయిబు ఒకడు అడుగుతాండాడు. తూకానికి ఇచ్చేద్దామా? వానజల్లుకు తడిసి తుప్పు పడతాండాది."

"ఇయ్యొద్దు," అంది సులోచనమ్మ.

"పెట్టుకోని ఏం చేస్తావు? ఆ పెట్రోలు తాగుడుకు దాన్ని మేపేదాని కన్నా ఏనుగును మేపొచ్చు. అన్నకు సోకు, ఆయన నడిపినాడు."

"డీజిల్ ఇంజను పెడితే?"

పద్మనాభ నవ్వబోయి ఆగాడు. ఆ మాట ఆమెది కాదు, పోయిన తన అన్నగారిది. బతికున్న రోజుల్లో శంకరనారాయణ ప్రతి ఏడూ కోతల ముందు అదే పాట పాడేవాడు. "దీనికొక డీజిల్ ఇంజను పెట్టిచ్చేస్తే రాజా మాదిరి తిరుగుతాది. చింతామణిలో పిళ్ళప్ప అని ఉండాడు, ఆయప్ప చేస్తాడు." ప్రతి ఏడూ కోతలు అయిపోయేవి, మాట మాటగానే నిలిచిపోయేది.

"ఎవరు తోలేది వదినా?"

"ముందు ఇంజను పెట్టిద్దాం. తోలేవాళ్ళు యాడన్నా దొరుకుతారు."

అంత మాట అన్నాక ఆమెకే ఆశ్చర్యమైంది. కానీ నోట్లోంచి వచ్చినదాన్ని వెనక్కి తీసుకోలేదు. తను ఇక పెట్టుకోని వడ్డాణం పెట్టెలోంచి తీసి, ఆ వారమే పద్మనాభ చేతిలో పెట్టింది. అతను అయిష్టంగానే చింతామణికి పోయి పిళ్ళప్పను మాట్లాడి వచ్చాడు.

పిళ్ళప్ప చేలూరు మీదుగా వచ్చే బస్సులో, ఒక గోనెసంచిలో స్పానర్లు, ఇంకో సంచిలో రెండు జతల బట్టలు వేసుకుని దిగాడు. యాభై ఏళ్ళ మనిషి. యుద్ధంలో మిలిటరీ వర్క్‌షాపులో పనిచేసి, అస్సాం కొండల్లో బండ్లు బాగు చేసి వచ్చినవాడు. అక్కడ ఫిరంగుల పక్కన పడుకుని చెవులు పోగొట్టుకున్నాడు. పూర్తిగా పోలేదు, గట్టిగా అరిస్తే వినపడేది. ఆ సంగతి పద్మనాభ చెప్పడం మరిచిపోయాడు.

సులోచనమ్మ తలుపు చాటున నిలబడి, "బండి వెనక పెరట్లో ఉండాదప్పా," అంది.

అతను గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు.

"బండి పెరట్లో ఉండాది."

అతను తిరిగి చూశాడు. పెదాలు కదులుతున్నాయని తెలిసి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "గట్టిగా చెప్పల్లమ్మా. నాకు రెండు చెవులూ దండులోనే ఉండిపోయినాయి."

సులోచనమ్మ గొంతు సవరించుకుని, ఏడాదిగా ఎక్కడో అడుగున పడిపోయిన గొంతును పైకి లాగి, "బండి పెరట్లో ఉండాది!" అని అరిచింది. మండీలో కూలీలు మూట దించడం ఆపి లోపలికి తొంగి చూశారు. ఆమె ముఖం ఎర్రబడింది.

పిళ్ళప్ప మాత్రం "ఓ," అని నడిచిపోయాడు.

బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. కిందికి దూరి చాలాసేపు అక్కడే ఉన్నాడు. బయటికి వచ్చి ఒళ్ళు దులుపుకుంటూ చెప్పాడు. చింతామణిలో ఒక బస్సు బోల్తాపడి, దాని పైకప్పూ తలుపులూ నుజ్జయిపోయాయి. ఇంజను మాత్రం చెక్కుచెదరలేదు. పెర్కిన్స్ డీజిల్, ఆరు సిలిండర్లది. ఓనరు అమ్మేస్తానంటున్నాడు. దాన్ని తెచ్చి దీంట్లో కూర్చోపెట్టొచ్చు.

"కష్టమా?" అని అరిచింది సులోచనమ్మ.

"ఒకరి తల తీసి ఇంకొకరి మెడ మీద పెట్టేదమ్మా. కష్టమే. అయితే అయ్యేదే."

మండీ వరండా చివరి గోదాములో అతనికి చోటు ఇచ్చారు. పాత ఇంజను దించడానికి మూడు నీలగిరి దూలాలు తెచ్చి ముక్కాలి కట్టారు. దానికి గొలుసు కప్పీ వేలాడదీశారు. అంతా సిద్ధమయ్యాక సులోచనమ్మ వచ్చి నిలబడింది. ఏదో చెప్పాలని ఉండి చెప్పలేకపోతున్నట్టు కనబడి, పిళ్ళప్ప స్పానరు కింద పెట్టాడు.

"ఒక్కసారి," అంది ఆమె. వినపడదని గుర్తొచ్చి మళ్ళీ అరిచింది. "తీసే ముందు ఒక్కసారి నడిపిస్తారా?"

అతను ఎందుకని అడగలేదు. కూలీని బంకుకు పంపి డబ్బాలో పెట్రోలు తెప్పించాడు. కార్బురేటరు కడిగాడు, ప్లగ్గులు రుద్దాడు. హ్యాండిలు వేసి తిప్పి తిప్పి చొక్కా తడిసిపోయింది. సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు బండి రెండుసార్లు దగ్గి, పొగ కక్కి, పట్టుకుంది.

సన్నని, మెత్తని మోత. ఏటి గట్టు మీద వినపడగానే ఆమె పొయ్యి మీద ఎసరు పెట్టే మోత. ఎదురింటి ముసలి లక్ష్మణప్ప ఎండలోకి వచ్చి, అలవాటు చొప్పున "శెట్టి వచ్చినట్లుండాది," అని ఎవరికో చెప్పి, మరుక్షణమే నాలుక కరుచుకుని లోపలికి పోయాడు. సులోచనమ్మ స్తంభాన్ని పట్టుకుని వింటూ నిలబడింది. పిళ్ళప్ప బానెట్టు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. అతనికి ఆ మోత అట్లానే తెలిసేది.

పెట్రోలు అయిపోయి ఇంజను తనంత తనే ఆగిపోయింది. పెరటిలో కాకుల అరుపు వినబడింది.

"తీసేయండి," అని చెప్పి ఆమె లోపలికి వెళ్ళిపోయింది. ఆ మాట అతనికి వినపడకపోయినా, అర్థమైంది.

డీజిల్ ఇంజను ఎడ్లబండి మీద వచ్చింది. పాతదాని కన్నా పొడుగు, బరువు. మొదటిసారి గొలుసుకు వేలాడదీసి దించి చూడగానే ఒక పెద్ద చిక్కు తెలిసింది. ఇంజను కింద నూనె ఉండే తొట్టిని సంపు అంటారు. ఈ ఇంజను సంపు లోతుగా ఉంది. సరిగ్గా దాని కిందనే ముందు చక్రాల ఇరుసు ఉంది. బండి గుంతలో పడితే ఇరుసు పైకి లేచి సంపును పగలగొడుతుంది.

పిళ్ళప్ప చేతులు తుడుచుకుంటూ చెప్పాడు. "సులభంగా కావాలంటే ముందు ఇరుసులో లాగుడు తీసేస్తానమ్మా. వెనక చక్రాలే తిరుగుతాయి. లారీ మాదిరి. నెల లోపల ఇచ్చేస్తా."

"అప్పుడు ఇసుక దాటుతాదా?"

"దాటదు."

"ఇసుక దాటకపోతే అది మా బండి యాడైతాది?" అని అరిచింది సులోచనమ్మ. "రోడ్డు మీద పోయేదానికి ఊరినిండా లారీలు ఉండాయి!"

అతను మళ్ళీ బండి కిందికి వంగి చూశాడు. "అట్లయితే సంపు కోయల్ల. గ్యాసు వెల్డింగు చింతామణిలోనే. టైము పడతాది."

"పడనీ."

సంపును కోసి, ఇరుసు వచ్చే చోట పల్లం చేసి అతికించుకొచ్చాడు. నూనె పీల్చే గొట్టాన్ని వంచి కొత్త చోటికి మళ్ళించాడు. ముందు బరువు ఎక్కువైందని, కమ్మరి దగ్గర ముందు స్ప్రింగులకు ఇంకొన్ని కమాను పట్టీలు పెట్టించాడు. పాత గేరుపెట్టెకూ కొత్త ఇంజనుకూ మధ్య ఒక మందపాటి ఇనుప పలక రావాలి. దాన్ని గీతలు గీసి, చేత్తోనే తొలిచి, రోజుల తరబడి ఆకురాయితో అరగదీశాడు. ఆ ఆకురాయి చప్పుడు పొద్దున మొదలై సాయంత్రం ఆగేది. సులోచనమ్మ చప్పుడుకు అలవాటు పడింది. కాఫీ పంపే వంకతో వచ్చి "ఇది ఏంది?" "అది ఎందుకు?" అని అరిచి అడిగేది. అతను తల ఎత్తకుండా చెప్పేవాడు. గేరు గురించి, చమురు గురించి, అస్సాం బురద గురించి. ఒక్కోసారి ఆమె తన సంగతీ చెప్పేది. పుట్టిన ఊరు, పెళ్ళి నాటి వాన. అంత గట్టిగా అరిచి చెబితే ఏ మాటా రహస్యంగా ఉండదు కదా. ఆమె పెళ్ళిలో వాన పడిన సంగతి ఆ సాయంత్రానికి బజారంతా తెలిసిపోయేది.

దాంతోపాటు వేరే మాటలూ పుట్టాయి. మొగుడు పోయిన మనిషి పెరట్లో పరాయి మగవాడితో పొద్దస్తమానం అరుపులేమిటని. పద్మనాభ సోమవారం వచ్చి తలవంచుకుని అన్నాడు. "ఊళ్ళో ఒక రకంగా అనుకుంటాండారు వదినా."

"గుసగుసలాడితే అనుకోవల్ల. నేను అరుస్తాండాను," అంది సులోచనమ్మ.

అయినా ఆ మర్నాటి నుంచి అంజనమ్మ వక్కాకు సంచీ తెచ్చుకుని పెరటి గుమ్మంలో కూర్చోవడం మొదలుపెట్టింది. ఎవరూ రమ్మనలేదు. "చింతపండు గింజ తీసేదుండాది, ఇంట్లో వెలుతురు చాలదు," అంది. అంతే.

ఆఖరికి ఇంజను పలక మీద కూర్చుంది. మొదటిసారి స్టార్టు చేసిన రోజు ఇల్లంతా వణికింది. మండీలో తక్కెడ పళ్ళాలు వాటంతటవే గలగలలాడాయి. నల్లటి పొగ రేకుల మీదుగా లేచింది. వెనకటి మెత్తని మోతకూ దీనికీ పోలిక లేదు. రాళ్ళ డబ్బాను ఎవరో ఆపకుండా ఊపుతున్నట్టుంది. అంజనమ్మ చెవులు మూసుకుంది. పిళ్ళప్ప ముఖంలో మొదటిసారి నవ్వు కనబడింది. ఇది అతనికి కూడా వినపడుతోంది.

పరీక్షకు ఏటికి తీసుకుపోయారు. పిళ్ళప్ప తోలాడు, సులోచనమ్మ కుడి పక్కన కూర్చుంది. బజారు దాటేదాకా బాగానే ఉంది. ఇసుకలోకి దిగి, నాలుగు చక్రాలకూ లాగుడు కలిపి నడిమధ్యకు చేరేసరికి, పాదాల కింద ఎముక విరిగినట్టు ఒక మోత వచ్చింది. తరవాత ఇంజను తిరుగుతూనే ఉంది, చక్రాలు తిరగడం లేదు.

ఎడ్లను కట్టి లాక్కురావలసి వచ్చింది. రెండు జతల ఎడ్లు మిలిట్రీ బండిని బజారు వీధి గుండా ఈడ్చుకొస్తుంటే, అరుగుల మీది మగవాళ్ళందరూ లేచి చూశారు. ఎవరో ఈల వేశారు. సులోచనమ్మ దిగలేదు. కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఎదురుగా చూస్తూ, అట్లానే కూర్చుని ఇంటికి వచ్చింది. పిళ్ళప్ప బండి వెనక తలవంచుకుని నడిచాడు.

విప్పి చూస్తే, ఇంజనునూ గేరుపెట్టెనూ కలిపే బేరింగు ముక్కలైపోయి ఉంది. పలక మధ్య రంధ్రం వెంట్రుకవాసి పక్కకు జరిగింది. చేత్తో తొలిచినది కదా, అంత బరువు లాగేసరికి తప్పు బయటపడింది. పిళ్ళప్ప స్పానర్లన్నీ గోనెసంచిలో వేసుకున్నాడు.

"నా తప్పేనమ్మా. కంటిచూపు మీద నమ్మకం పెట్టుకుంటి. ఇంకెవరికన్నా ఇచ్చి చేపించుకోండి. నాకు మొహం చెల్లదు."

అతను సంచి భుజాన వేసుకుని గుమ్మం దాకా వచ్చాడు. సులోచనమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ఆమె అప్పుడు అరిచిన అరుపు బస్సుస్టాండు దాకా వినపడిందని చెప్పుకుంటారు.

"తప్పయితే విప్పి మళ్ళా బిగించల్ల! ఎద్దులతో ఈడ్పించుకోని వచ్చింది నేను! నేను కూర్చోని వచ్చినా కదా! మీరెందుకు పారిపోతారు?"

ఆమె కళ్ళలో నీళ్ళు వచ్చాయి, కానీ అవి బేరింగు కోసం వచ్చినవి కావని అంజనమ్మకు తెలుసు. ఏడాదిన్నరగా ఏడవనిదంతా అక్కడ గుమ్మంలో ఏడ్చింది. పిళ్ళప్ప ఏం చేయాలో తోచక సంచి కింద పెట్టాడు.

మరుసటి బస్సుకు పలకను బెంగళూరు తీసుకుపోయి, లేతు మిషను మీద ఆ రంధ్రం సరిచేయించి తెచ్చాడు. కొత్త బేరింగు వేశాడు. ఈసారి బిగించేటప్పుడు ప్రతి బోల్టుకూ ఆగి, చెయ్యి ఆనించి చూసుకున్నాడు. మళ్ళీ ఏటికి పోయారు. పోయేటప్పుడు ఎవరికీ చెప్పలేదు. బండి ఇసుకలోకి దిగి, వేగం లేకుండా, తొందర లేకుండా, దున్నపోతు బురదలో నడిచినట్టు నడిచి అవతలి గట్టు ఎక్కింది. అక్కడ ఆపి పిళ్ళప్ప ఆమె వైపు తిరిగాడు. ఇద్దరూ కొంచెంసేపు నీళ్ళ మడుగుల్లో కొంగల్ని చూసి, తిరిగి వచ్చేశారు.

రెండు రోజుల్లో అతను వెళ్ళిపోయాడు.

ఆ తరవాత వచ్చిన నిశ్శబ్దాన్ని సులోచనమ్మ ముందుగా ఊహించలేదు. భర్త పోయినప్పటి నిశ్శబ్దం ఒక రకం. దానికి ఊరంతా సాక్షి, పలకరింపులూ ఓదార్పులూ ఉన్నాయి. దీనికి పేరు లేదు. మెకానిక్ పని ముగించుకుని పోయాడు, అంతేగా. దాన్ని ఎవరితో చెప్పుకుంటుంది? ముక్కాలి విప్పేశారు. నేల మీద నూనె మరకలు మాత్రం ఉన్నాయి. ఆకురాయి చప్పుడు లేని పొద్దున ఆమె కాఫీ ఎక్కువ కలిపి, పారబోసింది.

ఒకరోజు అంజనమ్మ విస్తుపోయి, "ఎందుకే సులోచనా అట్ల అరుస్తావు? నాకేం చెవుడా?" అంది.

తను అరుస్తున్నానని ఆమెకు తెలియనే తెలియదు. గొంతు తగ్గించి, "అలవాటయిపోయిందక్కా," అంది.

నాగరగెరె నుంచి నారాయణస్వామి అనే డ్రైవరు దొరికాడు. రైతుల ఇంటివాడు, ముప్పై ఏళ్ళవాడు, పెళ్ళాంపిల్లలు ఊళ్ళో ఉంటారు. పని వచ్చినవాడే కానీ ఎడమ స్టీరింగు చూడగానే బెదిరాడు. "కుడి పక్క చూసేదానికి ఒకరు ఉండల్లమ్మా. లేకపోతే నేను తోలలేను," అని కచ్చితంగా చెప్పాడు. పద్మనాభ క్లీనరును వెతుకుతానన్నాడు. వెతికేలోగా కోతలు వచ్చాయి. ఏటి అవతల వేరుశనగ కాయలు కుప్పలు పోసి ఉన్నాయి.

సులోచనమ్మ తలుపు తాళం వేసి, వచ్చి కుడి పక్కన ఎక్కి కూర్చుంది.

మొదటి రోజు బజారులో అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. పది రోజులకు అందరూ చూడడం మానేశారు. ఏటి అవతలి పల్లెల్లో ఆమె కళ్ళాల్లోకి దిగి, కాయ వలిచి చూసి, గింజను పంటి కింద నొక్కి, బేరం ఆడేది. గొంతు పెద్దదైపోయింది కదా, ఆ బేరానికి అది అక్కరకు వచ్చింది. రైతులు ఆమెకు డీజిలమ్మ అని పేరు పెట్టారు. ఎదురుగా కూడా అట్లానే పిలిచేవాళ్ళు. కోపం రాలేదు.

అయితే బండిలో మాటకు చోటు లేదు. ఆ ఇంజను మోతలో పక్కవాడి మాట పక్కవాడికి వినపడదు. చెయ్యి ఎత్తితే రావచ్చు, అరచెయ్యి అడ్డం పెడితే ఆగు. నారాయణస్వామి ఆ చెయ్యి చూసి తిప్పేవాడు. మైళ్ళ కొద్దీ వాళ్ళిద్దరూ పక్కపక్కనే కూర్చుని, ఎవరి ఆలోచనల్లో వాళ్ళు పోయేవాళ్ళు. అతను ఊళ్ళో పిల్లల్ని తలచుకునేవాడేమో. ఆమె కొండల్ని చూసేది, బీళ్ళను చూసేది, గొర్రెలు కాచేవాళ్ళు చెయ్యి ఊపితే తనూ ఊపేది.

ఆ ఏడాది చింతపండును చింతామణి సంతకు తోలారు. సరుకు దించాక ఆమె నారాయణస్వామిని సంతలో ఉండమని చెప్పి, దారి అడుగుతూ పిళ్ళప్ప షెడ్డుకు నడిచి పోయింది. అతను ఒక ట్రాక్టరు కింద ఉన్నాడు. ఆమె పిలిచింది. అరిచింది. మునుపు ఆ మాత్రం అరుపుకు తిరిగి చూసేవాడు. ఇప్పుడు పక్కనున్న మనిషి కాలు తట్టి చెబితే గాని బయటికి రాలేదు. చెవులు ఇంకా పోయినట్టున్నాయి.

ఆమెను చూసి లేచి నమస్కారం పెట్టాడు. స్టూలు తుడిచి వేశాడు. "కమాను పట్టీలు నిలిచినాయా?" అని అడిగాడు.

ఆమె తల ఊపింది.

"ఆయిలు మారుస్తాండారా? డీజిల్ ఇంజనుకు ఆయిలే ప్రాణం."

మళ్ళీ తల ఊపింది.

"సంపు అతుకు యాడన్నా చెమ్మ పడుతాండాదా?"

లేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఇంకేమైనా అడుగుతాడేమోనని కూర్చుంది. చెప్పడానికి చాలా ఉన్నాయి. ఊళ్ళో తనను డీజిలమ్మ అంటున్నారని, పొద్దున్నే తలుపు తీస్తున్నానని, ఇంటికి వచ్చాక మాత్రం గోడలు అట్లానే ఉన్నాయని. కానీ అతనికి ఏ మాటా చేరదు. అతను మర్యాదగా నవ్వుతూ నిలబడ్డాడు. మనసు ట్రాక్టరు మీద ఉందని చేతులు చెబుతున్నాయి. టీ తెప్పించాడు. ఆమె తాగి, చేతులు జోడించి వచ్చేసింది. తిరుగు దారిలో నారాయణస్వామి ఒకటి రెండుసార్లు ఆమె ముఖం చూశాడు గాని, ఆ మోతలో ఏమీ అడగలేకపోయాడు.

ఇంకో రెండేళ్ళకు, ఆ కోతల కాలంలో వేళగాని వాన వచ్చింది. ఏటిగడ్డపల్లిలో మూటలు ఎత్తి బయలుదేరేసరికి ఎగువన కురిసిన నీళ్ళు చిత్రావతిలోకి వచ్చేశాయి. ఎర్రగా, కట్టెలూ చెత్తా ఈడ్చుకుంటూ పోతున్నాయి. నాలుగు చక్రాలు కాదు, నలభై చక్రాలున్నా దిగే వీలు లేదు. నారాయణస్వామి బండిని గట్టు మీదికి వెనక్కి తెచ్చి, మూటల మీద టార్పాలిన్ కప్పి, కాపలాగా తొట్టిలోనే పడుకుంటానన్నాడు.

పొద్దు గుంకుతోంది. కళ్ళం యజమానురాలు అక్కయమ్మ వచ్చి సులోచనమ్మ చెయ్యి పట్టుకుంది. డెబ్భై ఏళ్ళ రైతు ఇంటి ముసలామె. మూడేళ్ళుగా కాయలు అమ్ముతున్నా, ఇద్దరి మధ్యా బేరం తప్ప వేరే మాట నడవలేదు.

"ఏరు తగ్గేదాకా యాడ ఉంటావమ్మా? మా ఇంటికి రా."

"వద్దులేమ్మా, బండిలో ఉంటా."

"బండిలో ఆడకూతురు ఉండేదేంది? రా అంటే రా."

భర్త పోయాక సులోచనమ్మ పరాయి గడప తొక్కడం అదే మొదలు. గుమ్మం దగ్గర ఆగింది. లోపల ఎవరో కొత్త కోడలు గడపకు పసుపు పూస్తోంది. అడుగు పెట్టొచ్చో కూడదో తేల్చుకోలేక నిలబడిపోయింది. అక్కయమ్మ అదేమీ గమనించలేదు. కాళ్ళకు నీళ్ళిచ్చి, పొయ్యి పక్కన పీట వేసి, "తడిసిపోయినావు, సెగకు కూర్చో," అంది.

రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టింది. పొయ్యిలో కంప చిటపటలాడుతోంది. బయట ఏరు హోరెత్తుతోంది. వడ్డిస్తూ వడ్డిస్తూ అక్కయమ్మ మామూలుగా అడిగింది.

"ఇంట్లో ఎవరెవరుండారమ్మా నీకు?"

ఇన్నేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. బాగేపల్లిలో అందరికీ తెలుసు కాబట్టి అడగలేదు. పల్లెల్లో బేరానికి దానితో పని లేదు కాబట్టి అడగలేదు. సులోచనమ్మ సంగటి ముద్దను వేళ్ళతో తుంచింది. అరవవలసిన అవసరం లేని చోట తన గొంతు ఎట్లా ఉంటుందో ఆమె మరిచిపోయింది. మెల్లగా, తనకే కొత్తగా వినబడే గొంతుతో చెప్పింది.

"ఎవరూ లేరమ్మా. నేనొక్కదాన్నే."

అక్కయమ్మ అయ్యో అనలేదు. గరిటెతో ఇంకొంచెం ఊరుబిండి తీసి ఆమె పళ్ళెం అంచున పెట్టి, "తిను. ఏరు ఇప్పుడప్పుడే తగ్గదు," అంది.